మర్నాడు పొద్దున ఏంటి? (స్వరాజ్యం మీద ఒక ప్రసంగం)

(పోయిన ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో మా కాలనీ లైబ్రరీలో మాస్టారు మాట్లాడింది. రాలేకపోయినవాళ్లు చాలామంది అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు మాత్రం తీసేశాను, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం. వెనకాల కూచున్నవాళ్లకి వినపడుతోందా? బాబూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు. ఆఁ, ఇప్పుడు బావుంది.

అహింస, స్వరాజ్యం, ఈ రెండిటి గురించి మాట్లాడమన్నారు నన్ను. మనందరం బళ్లో చదువుకున్నదే కదా. దండి యాత్ర, ఉప్పు, లాఠీలు, జైళ్లు, ఆగస్టు 15. ఆ కథ నిజమే, అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇన్నేళ్లు పిల్లలకి హిస్టరీ చెప్పిన మీదట నాకు అనిపించేది ఏంటంటే, ఆ కథలో ఒక ముక్క మనం ఎప్పుడూ వదిలేస్తాం. పన్ను కట్టం అన్నారు, బావుంది. కోర్టులకి వెళ్లం అన్నారు, బావుంది. సర్కారు బళ్లు వద్దన్నారు, అదీ బావుంది. మరి మర్నాడు పొద్దున ఏంటి? మర్నాడు పొద్దున లేచాక పిల్లలకి చదువు ఎవరు చెప్తారు? ఇద్దరన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకుంటే తీర్పు ఎవరు చెప్తారు? రాత్రి దొంగ వస్తే కాపలా ఎవరు? ఈ ప్రశ్న మనం అడగం. నేను ఇవాళ ఈ ఒక్క ప్రశ్నే పట్టుకుని మాట్లాడతాను. ఎందుకంటే స్వరాజ్యం అంటే నాకు ఆ మర్నాడు పొద్దునే.

మా నాయనమ్మది పేరాల. నేత ఇల్లు. 1921లో ఆవిడకి తొమ్మిదేళ్లు. నేను చిన్నప్పుడు ఆవిడ పక్కన పడుకుంటే రాజుల కథలు చెప్పేది కాదు, "మేం ఊరు వదిలేసిన ఏడాది" అని మొదలుపెట్టేది. నాకు అప్పట్లో ఏం అర్థం కాలేదు, ఊరు వదలడం ఏంటి, ఊరంతా ఎలా వదులుతారు అనుకునేవాణ్ని. పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం అని.

చీరాల పేరాల సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి ఒకసారి. కొంతమందే. పర్లేదు, మన పిల్లలకి దండి తెలుసు, బార్డోలీ కూడా తెలుసు, చీరాల తెలీదు, అది వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు, అప్పట్లో గుంటూరు జిల్లా. రెండూ కలిపి పదిహేను వేలమంది జనం. నేతపనివాళ్లు, చిన్న రైతులు, రోజు కూలీలు. వీళ్లు ఏడాదికి కట్టే ఊరి పన్నులు మొత్తం 4 వేల రూపాయలు దాకా ఉండేవి. మద్రాసు ప్రభుత్వం ఏం చేసిందంటే ఆ చుట్టుపక్కల ఊళ్లు కలిపేసి మునిసిపాలిటీ చేసేసింది. పన్నులు 4 వేల నుంచి 40 వేలకి పోయాయి. పది రెట్లు! మగ్గం మీద బతికేవాడు పది రెట్లు ఎక్కడ్నించి తెస్తాడు? అర్జీలు పెట్టుకున్నారు, మాకు మునిసిపాలిటీ వద్దు మహాప్రభో అని. వినలేదు. ఇక పన్ను కట్టం అన్నారు. కట్టనివాళ్లని జైల్లో పెట్టారు, అందులో ఒక మహిళ కూడా ఉంది.

అప్పుడు వీళ్లకి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రరత్న అంటాం. ఎడిన్‌బరో వెళ్లి ఎం.ఏ. చదివొచ్చినాయన. ఆయనకి వయసు అప్పుడు ముప్ఫై రెండు. ఇక్కడ కూచున్న కుర్రాళ్లలో కొంతమంది వయసు! ఆయన ఒక దండు తయారుచేశాడు, రామదండు అని. పేరు దండే గానీ చేతిలో ఆయుధం లేదు. తిరనాళ్లలో జనాన్ని అదుపులో పెట్టడం, రోగులకి సేవ చెయ్యడం, భజనలు చెయ్యడం, ఇదీ వాళ్ల పని. 1921 మార్చి ఆఖర్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది, పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించిన సమావేశం, అక్కడికొచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది కూడా ఈ రామదండే.

ఆ సమావేశం అయిపోయాక ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. జనం అడిగారు, అయ్యా ఏం చెయ్యమంటారు అని. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, శాంతంగా ఉండి పన్ను కట్టకుండా జైలుకి పోవడం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి ఊరు ఖాళీ చేసి పోవడం. హద్దులో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? కానీ ఏ దారిన పోయినా మీ బలం మీదే నిలబడాలి అని కూడా అన్నారు.

వీళ్లు రెండో దారి ఎంచుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి. ఎండాకాలం. కోస్తా ఎండ సంగతి మీకు తెలుసు కదా. పదిహేను వేలమందిలో పదమూడు వేలమంది దాకా ఇల్లూ వాకిలీ వదిలేసి, పిల్లల్ని, మేకల్ని, కుండల్ని, మంచంలో ఉన్న ముసలివాళ్లని తీసుకుని హద్దు అవతల పొలాల్లోకి వెళ్లి తాటాకు పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

సరే. మర్నాడు పొద్దున ఏంటి?

మా నాయనమ్మ చెప్పేది ఇదే. పుస్తకాల్లో రాయని సంగతులు ఇవి. నేతవాడు ఇల్లు వదిలెయ్యగలడు, మగ్గాన్ని ఎలా వదుల్తాడు? అది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టుకుని కూచుని నేస్తారు. పలకలు, అచ్చు, నాడె మోసుకుపోవచ్చు, గుంటని మోసుకుపోలేం కదా. మా ముత్తాత పాకలో మళ్లీ గుంట తవ్వాడంట. ఇసక నేల, అంచులు కూలిపోయేవంట, తాటి దుంగలు అడ్డం పెట్టాడంట. నాలుగు నెలలు నేశారు. వానలు మొదలయ్యాయి. గుంటలోకి నీళ్లు. పొద్దున లేచి మా నాయనమ్మా వాళ్ల అన్నా ముంతలతో నీళ్లు తోడేవాళ్లంట, తోడుతుంటే మళ్లీ ఊరేవంట. పడుగు తడిసిపోతే గంజి పోతుంది, పోగులు తెగుతాయి, ఇక నేత లేదు. నేత లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే గంజి లేదు, ఈసారి పడుగుకి పెట్టే గంజి కాదు, మనుషులు తాగే గంజి.

అక్కడ ఎవరూ వీళ్లని లాఠీతో కొట్టలేదు. ఫోటో తియ్యడానికి కూడా అక్కడ ఏమీ లేదు. ఒక చిన్నపిల్ల ముంతతో గుంటలో నీళ్లు తోడుతోంది. నన్నడిగితే ఉద్యమం అంటే అది. లాఠీ దెబ్బ ఒక పూట తినొచ్చు, ఆవేశంలో ఉంటాం, పక్కన పదిమంది ఉంటారు. పదకొండు నెలలు ఆ పాకల్లో ఉండి, వానల్లో రోజూ పొద్దున లేచి నీళ్లు తోడాలంటే ఎంత గుండె కావాలి?

ఆ పదకొండు నెలలు రామనగర్‌లో ఇంకేం జరిగిందో చెప్పాలి. తగువులు వచ్చాయి, రావా మరి, పదమూడు వేలమంది ఇరుకు పాకల్లో. తగువులు తీర్చడానికి వాళ్లే పంచాయితీ పెట్టుకున్నారు. రామదండు రాత్రిళ్లు కాపలా కాసింది, నిప్పంటుకుంటే అంతా కాలిపోతుంది కదా, తాటాకు. భజనలు, హరికథలు జరిగేవి. మునిసిపాలిటీ వద్దన్నవాళ్లు, ఒక మునిసిపాలిటీ చెయ్యాల్సిన పనులన్నీ సొంతంగా చేసుకున్నారు. ఇది గమనించారా మీరు? "మాకు వద్దు" అనడం ఒకటి, "మేం చేసుకుంటాం" అనడం ఇంకోటి. మొదటిది తిరుగుబాటు, సరే. రెండోది స్వరాజ్యం. ఇంగ్లీషువాడు ఇంకా మద్రాసులోనే ఉన్నాడు, జెండా వాడిదే, కలెక్టరు వాడే, కానీ ఆ పాకల్లో స్వరాజ్యం వచ్చేసింది, 1947 కంటే ఇరవై ఆరేళ్లు ముందు.

ఆఁ, అమ్మా, నువ్వు అడగబోయేది నాకు తెలుసు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి ఏమైంది అని కదా? ఓడిపోయారు. దాచడానికేం లేదు. గోపాలకృష్ణయ్య గారు బరంపురంలో మాట్లాడితే పట్టుకుని ఏడాది జైలు వేశారు, తిరుచిరాపల్లి జైలు. బయటి నుంచి డబ్బు సాయం పెద్దగా రాలేదు. జనం అలిసిపోయారు. పదకొండు నెలల తర్వాత తిరిగి ఊళ్లోకి వచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య గారు 1928లో పోయారు, నలభై ఏళ్లు కూడా నిండలేదు.

మరి ఓడిపోయిన కథ ఎందుకు చెప్తున్నాను? ఇంత దూరం మెట్రో ఎక్కి వచ్చినవాళ్లకి గెలిచిన కథ చెప్పొచ్చు కదా. ఎందుకో చివర్లో చెప్తాను, ఆగండి.

ఇదే గుంటూరు జిల్లాలో అదే రోజుల్లో పెదనందిపాడు ఉంది. అక్కడ పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో భూమి శిస్తు కట్టం అన్నారు. ఊరి ఉద్యోగులు రాజీనామాలు ఇచ్చేశారు. ఇది చాలా పెద్ద సంగతి, ఎందుకంటే సర్కారు అంటే ఎక్కడో లండన్‌లో లేదు, మన ఊళ్లో లెక్క రాసే కరణం చేతిలో ఉంది, శిస్తు వసూలు చేసే మునసబు చేతిలో ఉంది, వాడి వెనక నడిచే తలారి కాళ్లలో ఉంది. వాళ్లు ముగ్గురూ ఇంట్లో కూచుంటే సర్కారు ఎక్కడుంది? గొడ్లని జప్తు చేసి వేలం వేస్తే పాట పాడేవాడు లేడు. పోలీసుల్ని దింపారు, సైన్యాన్ని తిప్పారు. శాంతిసేన వాళ్లు జనం చెయ్యి జారకుండా చూశారు. కానీ గాంధీగారికి అనుమానం, ఇంత పెద్ద పనికి కావాల్సిన శాంతం జనంలో నిజంగా వచ్చిందా అని. షరతులు నెరవేరకపోతే ఆపేయండి అని ఇక్కడి కాంగ్రెస్ నాయకుడు కొండ వెంకటప్పయ్య గారికి రాశారు. ఈలోగా 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, ఇరవై మందికి పైగా పోలీసులు చచ్చిపోయారు. గాంధీగారు దేశమంతా ఉద్యమం ఆపేశారు. పెదనందిపాడు రైతులు మళ్లీ శిస్తు కట్టేశారు.

ఆ నెలలోనే పల్నాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. అడవిలో గొడ్లు మేపుకోవడానికి పుల్లరి కట్టం అన్నందుకు. ఆ పేరు చెప్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. సారీ, ఒక్క నిమిషం.

చాలామంది అంటారు, గాంధీ ఆపేసి తప్పు చేశాడు అని. అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నేను కూడా కుర్రతనంలో అదే అనేవాణ్ని. ఇప్పుడు నాకు వేరేగా అనిపిస్తోంది. ఆయన అడిగింది కూడా మర్నాడు పొద్దున ప్రశ్నే కదా. ఇవాళ స్టేషన్ తగలబెట్టినవాడు రేపు ఊరిని ఎలా నడుపుతాడు? పగ పట్టినవాడి చేతిలో పంచాయితీ పెడితే ఎవరికి న్యాయం జరుగుతుంది? పెదనందిపాడు రైతులకి మాత్రం అన్యాయం జరిగింది, నేను కాదనను. వాళ్లు ఎవర్నీ చంపలేదు. ఎక్కడో ఎవరో చేసినదానికి వీళ్లు ఆపాల్సొచ్చింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఉప్పు సంగతి మీకు తెలుసు కాబట్టి తొందరగా వెళ్తాను. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయల్దేరారు, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు పట్టుకున్నారు. మన తీరమంతా కూడా ఉప్పు వండారు, బందరు దగ్గర చిలకలపూడి మొదలుకుని. నేను చెప్పేది మన హైదరాబాద్ ఆవిడ గురించి. నాంపల్లి స్టేషన్ దగ్గర గోల్డెన్ థ్రెషోల్డ్ ఎంతమంది చూశారు? ముందు నుంచి రోజూ పోతుంటాం, లోపలికి వెళ్లం. సరోజినీ నాయుడు గారి ఇల్లు అది, హైదరాబాద్ యూనివర్సిటీ కూడా మొదట అక్కడే మొదలైంది, 1974లో. ఆ ఇంటావిడ 1930 మే 21న గుజరాత్‌లో ధరాసనా ఉప్పు కొఠార్ల దగ్గర రెండున్నర వేలమంది వాలంటీర్లకి ముందు నిలబడింది. గాంధీగారు అప్పటికే జైల్లో. వరసలు వరసలుగా నడిచారు, తలలు పగిలాయి, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కవిత్వం రాసుకునే మనిషి, సున్నితమైన మనిషి. మనకి ఆవిడ కోకిల అనే తెలుసు. ఈసారి అటు వెళ్తే ఒక్క నిమిషం ఆగండి.

అక్కడ కూడా నేను చూసేది ఏంటంటే, కొట్టిన పోలీసులు కాదు, దెబ్బ తిన్నవాణ్ని మోసుకుపోవడానికి స్ట్రెచర్లు పెట్టుకుని వెనకాల నిలబడ్డవాళ్లు. దుప్పట్లతో చేసుకున్న స్ట్రెచర్లు. ఎవడో ముందు రోజు కూచుని ఆలోచించాడు కదా, దెబ్బలు తగుల్తాయి, మోసేవాళ్లు కావాలి, కట్టు కట్టేవాళ్లు కావాలి, పడుకోబెట్టడానికి చోటు కావాలి అని.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మీరు అనొచ్చు, అదంతా ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో సంగతి, మనది నిజాం రాజ్యం కదా అని. నిజమే, ఇక్కడ మీటింగ్ పెట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలి, గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఆర్డర్ ఉండేది, 53వ నంబరు. ఇలా నలుగురం కూచుని మాట్లాడుకోవాలంటే ముందే ఒప్పించుకోవాలి. మరి ఇక్కడివాళ్లు ఏం చేశారు?

చీరాల జనం పాకల్లో ఉన్న అదే 1921లో, నవంబరులో, మన సుల్తాన్ బజార్ పక్కన వివేకవర్ధినిలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. కర్వే గారు అధ్యక్షులు. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూచోబెట్టారు. ఇంగ్లీషు వింటారు, ఉర్దూ వింటారు, మరాఠీ వింటారు, తెలుగు వినరు! తెలుగువాళ్ల ఊళ్లో! ఆ రాత్రి కొద్దిమంది తెలుగువాళ్లు ఒక ఇంట్లో కూచున్నారు. కూచుని ఏం చెయ్యొచ్చు, చెప్పండి? వెళ్లి గోల చేసినవాళ్లని కొట్టొచ్చు. వాళ్లు ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. లైబ్రరీలు పెట్టారు. ఊళ్లు తిరిగారు. వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకాలు అచ్చేసి పంచారు, మీ చేత ఈ పని ఊరికే చేయించుకునే హక్కు ఎవడికీ లేదు, చట్టంలో కూడా లేదు అని. మాడపాటి హనుమంతరావు గారు ఈ పనిలో ఎంత అరిగిపోయారో. 1901లోనే పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇప్పటికీ ఉంది, ఈ పక్కనే, ఎప్పుడైనా వెళ్లి ఒక పుస్తకం తీసి చదవండి. లైబ్రరీ కూడా ఒక తిరుగుబాటేనా అంటే, ఆ రోజుల్లో ఇక్కడ అవును. చదవడం వచ్చినవాడు దొరగారి కాగితం మీద ఊరికే వేలిముద్ర వెయ్యడు.

ఆ సంఘమే పెరిగి పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, 1930లో జోగిపేటలో మొదటి మహాసభ, సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. 1938లో స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే పుట్టకముందే బ్యాన్ చేశారు. అక్టోబరు 24 నుంచి సత్యాగ్రహం మొదలైంది, బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వచ్చి అరెస్ట్ అయ్యారు, స్వామి రామానంద తీర్థ కూడా జైలుకి వెళ్లారు. ఆ ఏడాదే ఉస్మానియాలో పిల్లలు హాస్టల్లో వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. పాడతాం అన్నారు. వందలమందిని కాలేజీ నుంచి తీసేశారు. తీసేస్తే మర్నాడు పొద్దున ఏంటి? నాగపూర్ రైలు ఎక్కారు. అక్కడి యూనివర్సిటీ చేర్చుకుంది, చదువు పూర్తి చేశారు. అలా వెళ్లినవాళ్లలో ఒకాయన తర్వాత మన ప్రధానమంత్రి అయ్యారు, పి.వి. నరసింహారావు గారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. హైదరాబాద్‌కి స్వాతంత్ర్యం అహింసతోనే వచ్చిందని నేను అనను, అంటే అబద్ధం అవుతుంది. 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ జాయిన్ ఇండియా దినం జరిపింది, వేలమంది జైళ్లకి వెళ్లారు. కానీ పల్లెల్లో రైతులు ఆయుధం పట్టారు, పట్టాల్సొచ్చిన పరిస్థితి ఏంటో మన పెద్దవాళ్లని అడగండి, రజాకార్లు ఇళ్లు తగలబెడుతుంటే శాంతం శాంతం అనడం దూరంగా కూచున్నవాళ్లకి తేలిక. చివరికి 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17కి అయిపోయింది. ఆ తర్వాత కూడా ఎంత రక్తం పారిందో, ఎంతమంది అమాయకులు పోయారో, అందులో ముస్లింలు ఎంతమందో, దాని గురించి మనం ఇంకా నోరు విప్పి మాట్లాడుకోం. మాట్లాడుకోవాలి.

ఆ సైన్యం రావడానికి మూడు వారాల ముందు, ఆగస్టులో, షోయబుల్లా ఖాన్‌ని మన హైదరాబాద్ వీధిలోనే చంపేశారు. ఇమ్రోజ్ అనే ఉర్దూ పేపర్ ఎడిటర్. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. హైదరాబాద్ ఇండియాలో కలవాలి అని రాశాడు, బెదిరించినా రాశాడు. ఆయన చేతిలో ఉన్నది కలం ఒక్కటే, ఆ చెయ్యే నరికారు. ఆయన్ని మనం ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం?

ఇందాక ఓడిపోయిన కథ ఎందుకు చెప్తున్నాను అన్నాను కదా. మా నాయనమ్మ వాళ్లు రామనగర్ నుంచి వెనక్కి వచ్చిన రోజు సంగతి చెప్తే మీకే తెలుస్తుంది.

తలుపు తీసేసరికి ఇల్లంతా బూజు, చెదలు. మగ్గం గుంట సగం పూడిపోయి ఉంది. మా ముత్తాత ఎవరితోనూ మాట్లాడకుండా పార తీసుకుని గుంట తవ్వడం మొదలుపెట్టాడంట. తర్వాత పన్ను కూడా కట్టాడు, కట్టక తప్పలేదు. ఆ ఏడాది వానల్లో పక్కింటివాళ్లతో గోడ తగాదా వచ్చింది, నీళ్లు మీ వైపు నుంచి మా వైపుకి వస్తున్నాయని. పక్కింటాయన కోర్టుకి పోతానన్నాడు. మా ముత్తాత అన్నాడంట, "కోర్టెందుకు బావా, రామనగర్‌లో మన తగువులు ఎవరు తీర్చారు, ఆళ్లనే పిలుద్దాం రా" అని. పిలిచారు. పొద్దున్నే అరుగు మీద కూచున్నారు, ఎండ ఎక్కేలోపు తేలిపోయింది, కాలవ ఇద్దరూ కలిసి తవ్వుకోవాలని. ఆ కాలవ నేను చూశాను. నా చిన్నప్పుడు అందులో కాగితం పడవలు వదిలేవాణ్ని.

టైమ్ అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ అమ్మాయికి ఇవ్వండి మైకు, ఇందాకట్నించి ఎదురుచూస్తోంది.